పెనుకొండ ధర

ఎడమ చేతిలో మడిచిన దినపత్రిక, కుడి చేతిలో సుద్దముక్క. పెనుకొండ పట్టు యార్డు గేటు బయట చెప్పులు విడిచి టీ అంగడి ఆయన లోపలికి నడిచాడు. షెడ్డు గోడకున్న నల్లబోర్డు మీది నిన్నటి అంకెలను తడిగుడ్డతో తుడిచాడు. పత్రికను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, మూడో పేజీ అడుగున ఉన్న ధరల పట్టికలోంచి ఒక్కో అంకె చూసి బోర్డు మీదికి దించాడు. పై రకం, నడిమి రకం, కింది రకం. ఒక అడుగు వెనక్కి వేసి సరిచూసుకున్నాడు. గేటు దగ్గరికి వచ్చి చెప్పులు తొడుక్కుని, పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని గబగబా రోడ్డు దాటాడు.

నేనూ మా మేనకోడలూ గేటు పక్కన నిలబడి ఇదంతా చూశాం. ఆ అమ్మాయి నా మోచేయి పట్టుకుంది.

"మామా," అంది మెల్లగా, "పేపరోళ్లు ఈ ధర యాడి నుంచి తెచ్చుకుంటారు?"

"ఈ బోర్డు నుంచే," అన్నాను.

షెడ్డులో మనిషి లేడు. మూటలు రాసుకుని రాసుకుని నునుపెక్కిన బండరాళ్ల మీద పావురాల రెట్టలు. దూలానికి వేలాడదీసిన కాటా కొక్కెం ఆషాఢ గాలికి అటూ ఇటూ ఊగుతోంది. పైన కొండ, కొండ మీద పాత కోట గోడ. బోర్డు మీద మాత్రం తడి ఇంకా ఆరని, ఆ రోజు ధర.

ఆ ధర మీద మా చెల్లెలి బతుకు ఆధారపడి ఉంది. ఆమె ఆ నెలలోపల ఒక ఒప్పందానికి అవునో కాదో చెప్పాలి. అందుకే మేం హిందూపురం నుంచి పొద్దున ప్యాసింజరు బండి ఎక్కి వచ్చాం.

నేను ముప్పై ఏళ్లకు పైగా పత్రికలో పనిచేశాను. మొదట హిందూపురం విలేకరిగా, తర్వాత జిల్లా ఎడిషన్ డెస్కులో. చింతపండు, మిరప, పట్టుగూళ్లు, వేరుశనగ ధరలు రోజూ సాయంత్రం ఫోనులో రాసుకుని పేజీకి పంపడం నా పనుల్లో ఒకటి. ఆ పట్టికను ఎవరు చదువుతారో అప్పట్లో నాకు పెద్దగా తెలియదు. చదివేవాళ్లు మిగతా పేజీ చూడరని మాత్రం తెలుసు.

మా చెల్లెలు హిందూపురం శివార్లలో పట్టు రీలింగ్ యూనిట్ నడుపుతుంది. పట్టుగూళ్లను వేడినీళ్లలో ఉడికించి, దారం కొసలు పట్టి, చక్రాల మీదికి తీయించడం. ఆమె దగ్గర పనిచేసేవాళ్లంతా ఆడవాళ్లే, చాలామంది చిలమత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లు. పొద్దంతా చేతులు వేడినీళ్లలో ఉండి వాళ్ల వేళ్ల చివర్లు తెల్లగా నానిపోయి ఉంటాయి. ఆ యూనిట్లో అడుగుపెడితే ఉడికిన పురుగు వాసన బట్టలకు పట్టి ఇంటిదాకా వస్తుంది. బావ పోయిన తర్వాత దాన్ని ఆమె ఒక్కతే నిలబెట్టింది.

అక్కడ తీసిన ముడి పట్టు ధర్మవరం పోతుంది. చీరలు నేసేది అక్కడ. హిందూపురంలో దారం తీసేవాళ్లకూ ధర్మవరంలో కొనేవాళ్లకూ ఎప్పుడూ ఒకరి ధర మీద ఒకరికి నమ్మకం ఉండేది కాదు. మీ ఊళ్లో మీరు ఎక్కించుకుంటారని వాళ్లు, మీ ఊళ్లో మీరు దించుకుంటారని వీళ్లు. అందుకని వెనకటివాళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. రెండు ఊళ్లకూ నడుమ ఉన్న పెనుకొండలో ఒక షెడ్డు కట్టి, అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు సగం దారి ప్రయాణం చేసి అక్కడ కలిసేవారు. తువ్వాలు కింద చేతులు పెట్టుకుని వేళ్లు పట్టి బేరం చేసేవారు. నోటితో ధర చెప్పడం నిషిద్ధం. పట్టు ఉన్న చోట చెప్పులు కూడా నిషిద్ధం. అలా తేలిన ధరను బోర్డు మీద రాసేవారు. పెనుకొండ విలేకరి దాన్ని చూసి పత్రికకు పంపేవాడు. మర్నాడు హిందూపురంలోనూ ధర్మవరంలోనూ "పెనుకొండ ఎంత?" అని అడిగి, దాని మీద కాస్త ఎక్కువో తక్కువో వేసుకుని మిగతా సరుకు అమ్ముకునేవారు. ఏ ఊరివాళ్ల ధరా కాదు కాబట్టి అందరికీ అది సమ్మతం.

ఫోన్లు వచ్చాక, పార్సిల్ వ్యాన్లు వచ్చాక సగం దారి వెళ్లేవాళ్లు తగ్గారని వింటూనే ఉన్నాను. యార్డు ఉందా లేదా అని ఎప్పుడూ ఆలోచించలేదు. ధర రోజూ వస్తోంది. ధర వస్తున్నంత కాలం సంత ఉందనే అనుకుంటాం.

ఈ ఏడు ధర్మవరం షావుకారు ఒకాయన చెల్లెలి ఇంటికి వచ్చాడు. పెద్దమనిషి, మాట మెత్తన.

"అక్కా, ఏడాది పొడుగునా నువ్వు తీసే పట్టంతా నాకే ఇయ్యి. ప్రతి సోమవారం పెనుకొండ ధర ఏముంటే అది. నీకూ తిరిగే పని లేదు, నాకూ వెతికే పని లేదు. శ్రావణం పెండ్లిండ్ల లోపల నీ మాట చెప్పు."

ఒప్పుకుంటే యూనిట్ నిలబడుతుంది. ఒప్పుకోకపోతే హిందూపురంలో ఏ రోజుకారోజు అమ్ముకోవాలి. ఆ అమ్మకంలో ఆమె రెండేళ్లుగా నలిగిపోతోంది, ఇంకో ఏడాది తట్టుకోలేదు. అయితే ఒప్పుకున్నాక పెనుకొండ ధర తప్పుదారి పడితే ఆ ఏడాదంతా దాని వెనకే పోవాలి. ఆ ధర నమ్మదగినదా కాదా? ప్రశ్న అదొక్కటే.

ఆ లెక్క తేల్చడానికి ఆమె కూతురు ఉండనే ఉంది. మా మేనకోడలు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. సెలవుల్లో వచ్చినప్పుడు మా ఇంట్లో అటకెక్కిన పాత పత్రికలన్నీ దించి, మూడు ఊళ్ల ముడి పట్టు ధరలూ రోజు వెంట రోజు కంప్యూటర్లోకి ఎక్కించింది. ఒక సాయంత్రం చెల్లెలింటి వసారాలో కూర్చుని మాకు వివరించింది. చెల్లెలు చేటలో మచ్చ గూళ్లు ఏరుతూ వింటోంది.

"మామా, ఒక్క ధరని పట్టుకుని చూస్తే దానికి ఇల్లూ వాకిలీ లేదు. నిన్న యాడుంటే ఈ పొద్దు ఆడి నుంచే బయల్దేరుతాది. యాడికి పోతాదో దానికే తెలీదు. హిందూపురం అట్లే, ధర్మవరం అట్లే. కానీ రెండింటి నడుమ ఎడం ఉండాదే, దానికి మాత్రం ఇల్లుండాది. ఒక నెల పెరుగుతాది, ఒక నెల తగ్గుతాది, మళ్లీ ఆడికే వస్తాది. దీన్నే కో-ఇంటిగ్రేషన్ అంటారు."

"రెండూ కలిసి పెరిగితే చాలదా?" అన్నాను.

"చాలదు. అమ్మ కోపమూ టమేటా ధరా పోయినేడు కలిసే పెరిగినాయి. టమేటా దిగింది. అమ్మ దిగలే."

"నీ చదువుకు నేనే దొరికినానా?" అని చెల్లెలు ఒక గూడు తీసి విసిరింది. "తోడికోడండ్ల మాదిరి అని చెప్పరాదా? మాటలు లేకున్నా, ఒకతి చీర కొంటే రెండో దానికి తెల్లారేలోపల తెలుస్తాది."

"అదే అమ్మా, కరెక్టు. ఇంకోటి కూడా చూడొచ్చు. ఎడం పెరిగినప్పుడు ఎవురు దిగి వస్తాండారు? ఎవురు ఎవురి దగ్గరికి పోతాండారు?"

"ఎవరు పోతున్నారు?" అని అడిగాను.

అమ్మాయి కంప్యూటర్ నా వైపు తిప్పింది. గీతలు నాకు అర్థం కాలేదు గానీ ఆమె ముఖం అర్థమైంది. "హిందూపురం పెనుకొండ దగ్గరికి పోతాది. ధర్మవరం పెనుకొండ దగ్గరికి పోతాది. పెనుకొండ ఎవురి దగ్గరికీ పోదు."

"నడిమి ఊరు కదా, అందుకే," అంది చెల్లెలు.

"నడిమి ఊరైతే రెండు పక్కలా వినల్ల కదమ్మా. ఇది వినడంలా. చెవుల్లేని దాని మాదిరి దాని పాటికది పోతాంది. వీళ్లు దాని వెనకాల పోతాండారు."

ఇంకొకటి కూడా చూపించింది. కరోనా వచ్చి అన్నీ మూసేసిన నెలల్లో హిందూపురం గీత తెగిపోయి ఉంది. ధర్మవరం గీత తెగిపోయి ఉంది. అమ్మకాలు లేవు, ధరలు లేవు. ఆ ఖాళీలో పెనుకొండ గీత ఒక్కటే నడుస్తోంది. రోజుకు కొంచెం కొంచెంగా కిందికి. తర్వాత మిగతా రెండు గీతలూ మళ్లీ మొదలైన చోటు చూస్తే, అవి పెనుకొండ గీత పక్కనే మొదలయ్యాయి. అంతకాలం ఆ గీత ముందు నడిచిపోయి, అక్కడ వీటి కోసం కూర్చుని ఉన్నట్టు.

"దొంగగా యార్డు నడిపింటారు," అన్నాను.

"అంతే అయ్యింటాది," అంది మేనకోడలు. "పోయి చూద్దాం పా మామా."

అలా ఆ పొద్దున పెనుకొండ చేరి, గేటు పక్కన నిలబడి, ముందు చెప్పిన దృశ్యం చూశాం.

రోడ్డు దాటి టీ అంగడికి వెళ్లాం. ఆయన పాలు పొంగకుండా ఆపగలిగిన సంతోషంలో ఉన్నాడు.

"ఏమప్పా, యార్డులో బేరాలు ఏ వేళకి జరుగుతాయి?" అడిగాను.

"బేరాలా? యార్డు మూసి చానా కాలమాయె సార్. మా పాప పెండ్లికి ముందే మూసిరి. దానికిప్పుడు ఇద్దరు బిడ్లు."

"మరి బోర్డెందుకు రాస్తున్నావు?"

"ఖాళీగా ఉంటే బాగుండదు కదా. జనం వచ్చి చూసి పోతాంటారు. చూసినోళ్లు ఈడ టీ తాగుతారు. అదే నాకు లాభం."

"పేపర్లో ఉండేదే రాస్తావా?" అని మేనకోడలు అడిగింది.

"ఇంకేం రాస్తా పాపా? నేనేమన్నా షావుకారినా, ధర కట్టేకి?"

పెనుకొండ విలేకరి మా తర్వాతి తరంవాడు, జెరాక్స్ అంగడి నడుపుకుంటూ వార్తలు పంపుతాడు. ఆయన దగ్గరికి వెళ్లాం. ధర ఎలా పంపుతావని అడిగాను.

"ఏముందన్నా, సాయంత్రం అంగడి మూసి ఇంటికి పోతా గేటు కాడ బండి ఆపి బోర్డు ఫొటో తీస్తా. డెస్కు గ్రూపులో పెడ్తా."

"లోపల ఎవరైనా ఉంటారా?"

"సాయంత్రం ఎవురుంటారు? అప్పటికి బేరాలయిపోయింటాయి కదా."

యార్డు మూసేశారని, బోర్డు రాసేది టీ అంగడి ఆయనని, ఆయన రాసేది మీ పత్రిక చూసేనని చెప్పాను. విలేకరి గట్టిగా నవ్వాడు. "పెద్దోడివని ఊరుకుంటాండా అన్నా. ఎగతాళికి నేనే దొరికినానా?" అన్నాడు. మేం నవ్వకపోయేసరికి ఆయన నవ్వు ఆగింది. జేబులోంచి ఫోన్ తీసి పాత ఫొటోలు వెనక్కి జరుపుతూ పోయాడు. బోర్డు, బోర్డు, బోర్డు. ఒక్కో వారం ఒక్కో ధర.

"ఆయప్ప పేపర్ చూసి రాస్తే," అన్నాడు, "నేను ఆయప్ప రాసింది పంపితే, మరి ఇది మారేదెట్లన్నా?"

డెస్కులో నాకు తెలిసిన ఉపసంపాదకుడికి ఫోన్ చేశాను. "సార్, ఫొటోలో ఉన్నదే కొడతాం. మా సొంతంగా ఒక్క అంకె మార్చినా ఉద్యోగం ఉంటుందా?" అన్నాడు. అబద్ధం చెప్పే గొంతు కాదు. అబద్ధం చెప్పే గొంతులు నేను చాలా విన్నాను.

కరోనా నెలల సంగతి కూడా అడిగాను. టీ అంగడి ఆయన అప్పుడు పెనుకొండలోనే లేడు. "చెన్నేకొత్తపల్లిలో మా అత్తోళ్ల ఇంట్లో ఇరుక్కుంటి సార్. వచ్చేసరికి బోర్డు మీద దుమ్ము ఇంత మందం." విలేకరి గడప దాటలేదు. "బయటికొస్తే పోలీసోళ్లు కొడ్తాండ్రి. పేజీ నింపల్ల కదా అని పాత ఫొటోనే రోజూ పెడ్తి." రోజూ అదే ఫొటో. కానీ మా ఇంట్లో ఉన్న ఆ నెలల పత్రికల్లో ధర రోజుకొకటి, రోజురోజుకూ కిందికి. అప్పుడు పేజీ పెట్టినవాళ్లలో ఇప్పుడు డెస్కులో ఎవరూ లేరు. ఒకాయన ఫోన్ దొరికింది. ధరల పట్టిక సంగతి తనకు గుర్తే లేదన్నాడు.

తిరుగు బండిలో కిటికీ పక్క కూర్చుని నాకు తోచింది చెప్పాను. ఈ ముగ్గురి చెవుల్లోనూ రోజూ ఏదో పడుతూనే ఉంటుంది. టీ తాగేవాళ్ల మాటలు, డెస్కుకు వచ్చే ఫోన్లు, జెరాక్స్‌కు వచ్చేవాళ్ల మాటలు. ఎక్కించి రాస్తున్నామని తెలియకుండానే చేయి ఒక అంకె ఎక్కిస్తుంది. సుద్ద చెరిగిన చోట కన్ను తనకు తోచింది చదువుతుంది. ముగ్గురూ ఉన్నదున్నట్టే దించుతున్నామనుకుంటారు. నిజానికి ముగ్గురూ కలిసి సంత నడుపుతున్నారు.

మేనకోడలు కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగింది. "తప్పుల మీద తప్పులు కూడితే కూడా ఒక గీత వస్తాది మామా. అది కూడా ఇల్లు లేని దాని మాదిరే తిరుగుతాది. అందరూ దాన్ని నమ్మి పోతాండారు కాబట్టి ఆ రెండు ఊర్లూ దానికి కట్టుకోనుండాయి. ఈడిదాకా నాకు అర్థమవుతాంది."

"మరి అర్థం కానిది?"

"గూళ్ల పంట ఎక్కువొచ్చే ముందు అది దిగుతాది. తెగులొచ్చే ముందు ఎక్కుతాది. చేతి తప్పులకి ఆ సంగతి ఎవురు చెప్తాండారు?"

ఇంటికి వెళ్లి చెల్లెలికి అంతా చెప్పాం. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవకుండా విన్నది. "ఎవురు మారుస్తాండారో చూసి చెప్పండి. చూడకుండా నేను అవునని అనను, కాదని అనను," అంది.

అందుకని నేనూ మేనకోడలూ పెనుకొండలో కాపలా కూర్చున్నాం. పొద్దున మొదటి బండికి వెళ్లడం, టీ అంగడి బల్ల మీద కూర్చోవడం, సాయంత్రం విలేకరి ఫొటో తీసేదాకా ఉండి చివరి బండికి రావడం. పట్టిక ఖాళీగా పోతే డెస్కు ఊరుకోదని విలేకరి ఫొటో మానలేదు; అది మా కళ్ల ముందే గ్రూపులోకి పోయేది. మర్నాడు పత్రిక విప్పి చూస్తే అదే ధర. టీ అంగడి ఆయన అదే ధర దించేవాడు. మళ్లీ అదే ఫొటో.

ఆ బల్ల మీద కూర్చున్న రోజుల్లో నేను చూసిన మనుషులను మరిచిపోవడం కష్టం. బస్సు దిగి ఒకాయన వస్తాడు. గేటు బయట చెప్పులు విడుస్తాడు. లోపల పట్టు లేదు, మూట లేదు, మనిషి లేడు. అయినా చెప్పులు విడిచి, బోర్డు ముందు నిలబడి చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెనక్కి వచ్చేస్తాడు. తర్వాత ఇంకొకాయన. ఇద్దరు ఒకేసారి వస్తే గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. ఒక ముసలాయన షెడ్డు మూలన కాసేపు నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద పరచుకుని, మళ్లీ మడిచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. యార్డు మూసేశారు కదా తాతా, ఎందుకొచ్చావని మేనకోడలు అడిగింది.

"ధర చూసేకి," అన్నాడాయన, ఇంకేం అడుగుతావన్నట్టు.

బోర్డును ఎవరూ ముట్టుకోలేదు. ధర కదల్లేదు.

ఒకటి రెండు రోజులు కదలకపోవడం మామూలే. మా కాపలా సాగేకొద్దీ అది మామూలు కాకుండా పోయింది. పాత పత్రికల్లో ఎక్కడా అంతకాలం పెనుకొండ ధర ఒకేచోట నిలబడినట్టు లేదని మేనకోడలు చూసి చెప్పింది. హిందూపురంలో బేరాలు మందగించి, తర్వాత ఆగిపోయాయి. ఏదో జరగబోతోందని అమ్మేవాళ్లు సరుకు బయటికి తీయలేదు, కొనేవాళ్లు చేయి చాపలేదు. ధర్మవరంలో పట్టు దొరక్క కొన్ని మగ్గాలు ఆపారని విన్నాం. చెల్లెలు షావుకారుకు ఫోన్ చేస్తే, "పెనుకొండ కదలనీ అక్కా, అప్పుడు చూస్తాం," అన్నాడు.

యూనిట్లో తీసిన పట్టు అమ్ముడుపోక గదిలో పేరుకుంది. కొత్త గూళ్లు కొనడానికి వీల్లేక ఒక మధ్యాహ్నం పొయ్యిలు ఆర్పేశారు. నీళ్లు చల్లబడిన గంగాళాల చుట్టూ ఆడవాళ్లు ఊరికే కూర్చున్నారు. ఎప్పుడూ చక్రాల చప్పుడుతో మాటలు వినిపించని చోట ఈగ ఎగిరితే వినిపిస్తోంది. వాళ్లలో ఒకామె చెల్లెల్ని, "రేపు రావల్లనా వద్దా అక్కా?" అని అడిగింది. చెల్లెలు వంగి ఒక గంగాళంలోని నీళ్లు పారబోసింది.

ఆ సాయంత్రం మేనకోడలు పట్టుబట్టింది. "షావుకారుకి నిజం చెప్పేద్దాం అమ్మా. ఆడ మార్కెట్టే లేదని చెప్పేద్దాం."

"చెప్పి? ఆయప్ప మానుకుంటే నా పొయ్యిలు నువ్వు ముట్టిస్తావా? హిందూపురమంతా పెనుకొండ, పెనుకొండ అంటాండారు. అది లేదని తెలిస్తే రేపు ఏ ధరకి అమ్ముతారు? ఎవుడి ధర ఎవుడు నమ్ముతాడు?" చెల్లెలు గొంతు పెంచలేదు. తర్వాత నా వైపు తిరిగింది. "అన్నా, మీరిద్దరూ ఆడి నుంచి లేచి రాండి."

"ఎందుకు?"

"మీరు చూస్తాంటే అది కదలడంలా."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మేనకోడలు కూడా నవ్వలేదు. ఇన్ని లెక్కలు తెలిసిన పిల్ల ఆ మాటను తోసిపుచ్చుతుందని ఎదురుచూశాను. ఆమె కంప్యూటర్ మూసి పక్కన పెట్టింది.

మేం పెనుకొండ వెళ్లడం మానేశాం. మానేసిన మర్నాడు పత్రికలో పాత ధరే ఉంది. ఆ మరుసటి రోజు పొద్దున చెల్లెలు పత్రిక పట్టుకుని, తల కూడా దువ్వుకోకుండా మా ఇంటికి వచ్చింది. పెనుకొండ ధర మారింది. మూడు రకాలూ పైకి.

మధ్యాహ్నం కాకముందే హిందూపురంలో బేరాలు మొదలయ్యాయి. సాయంత్రానికి ధర్మవరం అదే చోటికి చేరింది. మర్నాడు షావుకారు కారులో వచ్చాడు. ఒప్పందం కాగితం, మిఠాయి పొట్లం రెండూ తెచ్చాడు.

సంతకం పెట్టేముందు మేనకోడలు తల్లిని లోపలికి పిలిచింది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

"ఎవురి మాట మీద సంతకం పెడ్తాండావో నీకు తెలుసామ్మా?"

"తెలీదు," అంది చెల్లెలు. "ఇంతకాలం మునిగింది తెలిసినోళ్ల మాట మీదనే కదా."

సంతకం పెట్టింది. పొయ్యిలు ముట్టించారు. ఆ వారం కొత్త గూళ్లు వచ్చాయి. ఉడికిన పురుగు వాసన మళ్లీ మా వీధిదాకా వచ్చింది.

ఆ తర్వాత నెలల్లో ధర రెండుసార్లు బాగా దిగింది, ఒకసారి ఎక్కింది. దిగిన రెండుసార్లూ పంట ఎక్కువగా వచ్చిన కాలమే. చెల్లెలికి నష్టం రాలేదు. మేనకోడలు తన పరిశోధనలో పెనుకొండ ధరలను వదిలేసింది. వాటిని ఎక్కడ సేకరించారో రాయాల్సిన చోట ఏం రాయాలో ఆమెకు గానీ, ఆమె చేత పరిశోధన చేయిస్తున్న ఆచార్యుడికి గానీ తోచలేదు. హిందూపురం, ధర్మవరం రెండే పెట్టి రాసింది. ఆ రెండింటి మధ్య బంధం ఉందని తేలింది, అయితే బలహీనంగా. మూడోది తీసేస్తే అవి ఒకదాన్నొకటి సరిగా గుర్తుపట్టవంది.

ఒకసారి వేరే పని మీద నేను పెనుకొండ వెళ్లాను. ధర కదిలిన ఆ రోజు గురించి విలేకరినీ, టీ అంగడి ఆయననూ ఒకేచోట కూర్చోబెట్టి అడిగాను. విలేకరి ఫోన్‌లో ఫొటో చూపించాడు. పత్రికలో కొత్త ధర వచ్చిన దానికి ముందు సాయంత్రం తీసింది. బోర్డు మీద అప్పటికే కొత్త ధర ఉంది. అంకెలు టీ అంగడి ఆయన చేతిరాతే, అది తన రాతేనని ఆయనా ఒప్పుకున్నాడు. కానీ ఆ ధర తాను రాసింది మర్నాడు పొద్దున పత్రిక చూశాకేనని, ముందు రోజంతా బోర్డు మీద పాత ధరే ఉందని, సాయంత్రం అంగడి మూసేటప్పుడు కూడా దాన్నే చూశానని తన మనవల మీద ఒట్టు వేశాడు. ఫొటో అబద్ధమా అని విలేకరి ఆయన మీదికి లేచాడు. ఇద్దరూ నా ముందే చాలాసేపు వాదించుకుని, చివరికి ఇద్దరూ నా ముఖం చూశారు.

చెల్లెలి ఒప్పందం వచ్చే శ్రావణంతో ముగుస్తుంది. షావుకారు దాన్ని ఇంకో ఏడాదికి పొడిగిద్దామని ఇప్పుడే అడుగుతున్నాడు, అదే పెనుకొండ ధర మీద. చెల్లెలు ఇంకా జవాబు చెప్పలేదు. ఆ సాయంత్రం బోర్డు మీద ధర ఎవరు మార్చారన్నది ఈ మాటలు రాసే నాటికి మాలో ఎవరికీ తెలియదు.